పరవాసి కొన్న తోపు

పాఠ్యభాగములు: ఆదికాండము 23, 1 రాజులు 21:1–16, యిర్మీయా 32:6–15
(పురుషుల, స్త్రీల, యౌవనుల కూడికలలో చదివి చర్చించుటకు)



జేకేపూర్, రాయగడ ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఉద్యోగ విరమణ దగ్గరపడినవారు తరచుగా ఒక మాట అంటారు. "క్వార్టరు ఖాళీ చేయాలి. పి.ఎఫ్. సొమ్ము చేతికి వస్తుంది. ఏ కొండ పక్కనో రెండెకరముల తోపు దొరికితే చాలు. నాలుగు మామిడి చెట్లు, రెండు పనసలు, ఒక చింత, ఒక వెదురు పొద ఉంటే శేషజీవితము నీడపట్టున గడిచిపోతుంది."

ఈ కోరికలో తప్పు లేదు. నలభై ఏండ్లు మిల్లు సైరను విని లేచినవానికి పక్షుల కూత విని లేవాలని ఉండుట సహజమే. అయితే మనము నివసించు జిల్లాలో చెట్లు గల చిన్న భూమిని కొనుట, బజారులో సైకిలు కొనినట్టు కాదు. తెలియక కొన్నవాడు సొమ్ము పోగొట్టుకొనును. తెలిసి కొన్నవాడు పొరుగువాని నేలను పోగొట్టును. ఈ రెండు నష్టములలో ఏదియు మన సంఘములలో కలుగకూడదను ఉద్దేశముతో ఈ పాఠము వ్రాయబడినది.

1. అబ్రాహాము ఎట్లు కొనెను?

అబ్రాహాము హేతు కుమారుల మధ్య పరవాసి. శారా మరణించినప్పుడు ఆమెను పాతిపెట్టుటకు కూడ అతనికి సొంత నేల లేదు. అప్పుడతడు చేసిన పనిని మెట్టు మెట్టుగా గమనించండి.

మొదటిది, అతడు చాటుగా బేరమాడలేదు. ఆ దేశ ప్రజల యెదుట నిలువబడి, తాను పరదేశినని ఒప్పుకొని, అందరు వినుచుండగా అడిగెను. రెండవది, ఎఫ్రోను ఊరకే ఇచ్చెదనన్నను అతడు తీసికొనలేదు. ఊరకే వచ్చిన నేలకు రేపు ఎవడైనను అడ్డు చెప్పగలడు. మూడవది, 400 తులముల వెండిని సాక్షుల యెదుట తూచి ఇచ్చెను. నాలుగవది, కొన్నదానిలో పొలము, దానిలోని గుహ, పొలిమేర లోపలనున్న చెట్లు కూడ పేరు పేరున లెక్కకు వచ్చెను. చెట్ల సంగతి విడిగా చెప్పబడుట మనకు ముఖ్యము. నేల ఒకరిది, చెట్టు మరొకరిది అగుటకు వీలున్నదని ఆ కాలపువారికే తెలియును.

యిర్మీయా సంగతియు అట్టిదే. అతడు అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొని, సాక్షుల చేత సంతకము చేయించి, ముద్రవేసిన పత్రమును ముద్రలేని ప్రతిని రెండింటిని మట్టికుండలో భద్రపరిపించెను. మన భాషలో చెప్పవలెనంటే ఒరిజినలు, నకలు రెండును జాగ్రత్త చేయించెను.

2. నాబోతు ఎందుకు అమ్మలేదు?

అహాబు రాజు అడిగినది దొంగతనముగా కాదు. అంతకంటె మంచి ద్రాక్షతోట ఇచ్చెదననెను, లేదా క్రయధనమిచ్చెదననెను. అయినను నాబోతు ఒప్పుకొనలేదు. అది అతని పితరుల స్వాస్థ్యము. ఇశ్రాయేలులో భూమిని శాశ్వతముగా అమ్మకూడదని లేవీయకాండము 25లో కట్టడ ఉన్నది. కష్టకాలములో అమ్ముకొన్న కుటుంబమునకు కూడ తమ నేల తిరిగి వచ్చుటకు అక్కడ ఏర్పాటు చేయబడినది.

గనుక అబ్రాహాము పాఠము ఒకటి, నాబోతు పాఠము మరొకటి. సక్రమముగా కొనదగిన నేల ఒకటున్నది. ఎంత ధర ఇచ్చినను కొనకూడని నేల ఇంకొకటున్నది. రాయగడ జిల్లాలో ఈ రెండును పక్కపక్కనే ఉన్నవి. గట్టు చూచి ఏది ఏదో చెప్పలేము. కాగితము చూచియే చెప్పవలెను.

3. మనము నివసించు నేల

కోరాపుట్ ప్రాంతము 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో ఉండెను. ఆ దినమున ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా ఈ ప్రాంతము అందులో చేరెను. 1992 అక్టోబరు 2న అవిభక్త కోరాపుట్ నుండి రాయగడ వేరు జిల్లా ఆయెను. జేకేపూర్ కాగితపు మిల్లు 1962లో పనిచేయుట ఆరంభించెను. ఈ కొండలలోని వెదురు, నాగావళి నీరు దానిని ఇక్కడికి రప్పించినవి. మనలను మిల్లు రప్పించెను. మనకంటె ముందు, మిల్లుకంటె ముందు, జమీందారులకంటె ముందు కోందులు, సవరలు, తదితర ఆదివాసి జనులు ఇక్కడ ఉండిరి.

రాయగడ, కోరాపుట్ జిల్లాలు రెండును రాజ్యాంగములోని అయిదవ షెడ్యూలు క్రింద పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతములే. ఒక పల్లె లోపల, ఒక పల్లె వెలుపల అను భేదము లేదు. మిల్లు కాలనీ చుట్టునున్న పల్లెలకును ఇదే వర్తించును.

4. చట్టము ఏమి చెప్పుచున్నది?

ఏజెన్సీ భూములను గూర్చిన కట్టడ క్రొత్తది కాదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతపు భూబదిలీ చట్టము చేసి, కొండజాతులవారి భూమి అధికారి అనుమతి లేక ఇతరుల చేతికి పోకుండ నియమించెను. ఒరిస్సాలో దాని స్థానములో 1956వ సంవత్సరపు 2వ రెగ్యులేషను వచ్చెను. అది 1956 అక్టోబరు 4 నుండి అమలులోనున్నది. దాని ప్రకారము షెడ్యూల్డు తెగకు చెందినవాడు తెగలకు చెందనివానికి భూమి ఇయ్యవలెనంటే అధికారి వ్రాతపూర్వకమైన అనుమతి ఉండవలెను.

2002లో ఈ రెగ్యులేషను సవరింపబడినది. 2002 సెప్టెంబరు 4 నుండి ఆ అనుమతి మార్గము కూడ మూయబడినది. ఆదివాసి భూమిని ఆదివాసేతరుడు ఇప్పుడు అనుమతితోనైనను కొనలేడు. 2023 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గము ఈ నిషేధమును సడలించుటకు తీర్మానించినది గాని, తీవ్రమైన వ్యతిరేకత రాగా కొద్ది దినములలోనే దానిని నిలిపివేసినది. "చట్టము మారిపోయినదండి" అని ఎవరైనను చెప్పిన యెడల ఈ సంగతి జ్ఞాపకము చేసికొనండి.

ఇక్కడ మనవారు పొరపడు సంగతులు నాలుగు ఉన్నవి.

(అ) బదిలీ అనగా అమ్మకము మాత్రమే కాదు. కౌలు, తాకట్టు, దానము, మార్పిడి అన్నియు బదిలీయే. "రిజిస్ట్రీ వద్దు, తెల్లకాగితము మీద తొంబదితొమ్మిది ఏండ్ల కౌలు వ్రాసికొందాము" అనువాడు మనకు మార్గము చూపుట లేదు, గోతిని చూపుచున్నాడు.

(ఆ) భార్య ఆదివాసి స్త్రీయైతే ఆమె పేరున కొనవచ్చునని కొందరందురు. 2002 సవరణ ప్రకారము, ఆదివాసేతరుని పెండ్లాడిన ఆదివాసి స్త్రీకి చేసిన బదిలీ, ఆదివాసేతరునికి చేసినట్టే ఎంచబడును.

(ఇ) అమ్మేవాడు క్రైస్తవుడైతే అడ్డు లేదని మరికొందరందురు. ఇది మన సంఘములలో మరీ ప్రమాదకరమైన పొరపాటు. షెడ్యూల్డు కులముల విషయములో మతము మారితే హోదా మారును గాని, షెడ్యూల్డు తెగల విషయములో అట్లు కాదు. బాప్తిస్మము పొందిన కోందు సహోదరుడు, సవర సహోదరుడు చట్టము దృష్టిలో ఆదివాసియే. అతని నేలకున్న కాపుదల అట్లే ఉన్నది.

(ఈ) వ్యక్తి కొనకూడనిది సంఘము కొనవచ్చునా? మన తెలుగు సంఘములు సమాధుల తోట కొరకు నేల వెదకుట తరచుగా జరుగుచున్నది. అబ్రాహాము కూడ అందుకే వెదకెను. కాని సంఘము పేరున కొన్నను అది ఆదివాసికి చెందిన బదిలీ కాదు. నియమము ఒక్కటే.

5. ఒక ఉదాహరణ

ఒక సహోదరుడు ఉన్నాడనుకొందాము. రిటైరైనాడు. పక్క ఊరి సంఘములోని కోందు సహోదరుడు వచ్చి, "అన్నయ్యా, పాప పెండ్లి పెట్టుకొన్నాము, డబ్బు అవసరము. కొండ దిగువన మా తోపు మీరు తీసికోండి, పరాయివాళ్ళకు ఇచ్చుటకంటె మీకిచ్చుట నయము" అని అడుగును. చూడగా చక్కని తోపు. మామిడి, పనస, చింత, ఇప్ప, రెండు వెదురు పొదలు, ఒక జీలుగు చెట్టు. ఇద్దరు పెద్దల సాక్ష్యముతో స్టాంపు కాగితము వ్రాసికొని సొమ్ము ఇచ్చిరి. కంచె వేసిరి, బావి త్రవ్విరి.

కొన్ని సంవత్సరములకు అమ్మినవాని కుమారుడు చదువుకొని సబ్-కలెక్టరుకు అర్జీ పెట్టును. అర్జీ లేకపోయినను అధికారి తనంతట తానే విచారించవచ్చును. విచారణలో ఈ బదిలీ చెల్లదని తేలగా, నేలను పాత యజమానికి లేక అతని వారసులకు తిరిగి ఇప్పించుదురు. కంచె, బావి, నాటిన మొక్కలు అక్కడనే ఉండిపోవును. సొమ్ము తిరిగి ఎవరిని అడగాలి? పాప పెండ్లికి ఖర్చైపోయినది. ఇద్దరు విశ్వాసుల మధ్య, రెండు సంఘముల మధ్య పగ మిగులును.

ఆ కుమారుడు తప్పు చేసినాడా? లేదు. తన పితరుల స్వాస్థ్యమును అడిగినాడు. తప్పు మొదటి దినముననే జరిగినది. ఆ దినమున అతని తండ్రికి కావలసినది డబ్బు, నేలను పోగొట్టుకొనుట కాదు. నేలను ముట్టకుండ, తాకట్టు లేకుండ, ముగ్గురు నలుగురు సహోదరులు కలిసి చేబదులు ఇచ్చియుంటే రెండు ఇండ్లును నిలిచియుండును.

6. చెట్లు ఎవరివి?

నేల కాగితములు సరిగా ఉన్నవనుకొందాము. ఇప్పుడు చెట్ల సంగతి చూచెదము. ఇక్కడ మూడు విషయములున్నవి.

మొదటిది, అలవాటు హక్కు. ఈ కొండలలో జీలుగు చెట్టు, ఇప్ప చెట్టు నేలతో పాటు పోవునని తలంచకండి. జీలుగు చెట్టు తండ్రి నుండి కొడుకునకు స్వాస్థ్యముగా వచ్చు ఆస్తి. అది నిలిచిన నేల ఒకరిది, చెట్టు ఇంకొకరిది కావచ్చును. ఇప్పపూవు రాలు మార్చి, ఏప్రిలు మాసములలో తెల్లవారుజామున బుట్టలు పట్టుకొని వచ్చు స్త్రీలు దొంగలు కారు. తరతరములుగా ఆ చెట్టు క్రింద ఏరుకొన్నవారు. కొనుటకు ముందే ఊరి పెద్దలను కూర్చుండబెట్టి, "ఈ తోపులో ఏ చెట్టు ఎవరిది? దారి ఎవరికి? పశువులు ఎటునుండి పోవును?" అని అందరి యెదుట అడిగి తెలిసికొనవలెను. అబ్రాహాము గవినియొద్ద చేసిన పని ఇదియే.

రెండవది, అడవి చట్టము. 1996 డిసెంబరు 12న సుప్రీం కోర్టు గోదవర్మన్ కేసులో, యజమాని ఎవరైనను, నిఘంటువు అర్థములో అడవి అనదగినది 1980 అటవీ సంరక్షణ చట్టము క్రిందికి వచ్చునని చెప్పినది. తరువాత జిల్లా కమిటీలు అట్టి భూములను గుర్తించి జాబితాలు సిద్ధపరచినవి. 2023లో ఆ చట్టమునకు సవరణ వచ్చినను, 2024 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వులో, ప్రస్తుతానికి పాత అర్థమునే అనుసరించుడని ఆజ్ఞాపించినది. గనుక మీరు కొను సొంత పట్టా భూమియైనను, దట్టముగా సహజముగా పెరిగిన చెట్లతోనున్న యెడల దానిని నరికి ఇల్లు కట్టుటకు, కోళ్ళ షెడ్డు వేయుటకు కేంద్ర అనుమతి అవసరము కావచ్చును. కొనుటకు ముందు అటవీ శాఖవారి యొద్ద ఆ ప్లాటు నంబరు జాబితాలో ఉన్నదా అని వ్రాతపూర్వకముగా అడగండి.

మూడవది, నరకుట, తరలించుట. సొంత చెట్టునైనను నరికి కలప తరలించుటకు 1980 ఒడిశా కలప రవాణా నియమముల క్రింద రేంజు ఆఫీసు పర్మిటు కావలెను. కొన్ని జాతులకు మినహాయింపులున్నవి. తలుపులకు టేకు కావలెననుకొన్నవాడు గొడ్డలి పట్టుటకు ముందు రేంజు ఆఫీసుకు పోవుట మంచిది.

7. చూడవలసిన కాగితములు

ఇక్కడి రికార్డులన్నియు ఒడియా లిపిలో ఉన్నవి. మన పెద్దలలో అనేకులు ఒడియా మాటలాడుదురు గాని చదవలేరు. సంతకము చేయుటకు ముందు ఒడియా బడిలో చదివిన మన పిల్లల చేతనైనను ప్రతి అక్షరము చదివించుకొనండి. బ్రోకరు చదివి చెప్పినది చాలదు.

(అ) ఖతియాన్, అనగా హక్కుల రికార్డు. తహశీలు కార్యాలయములో నకలు దొరకును. ప్రభుత్వపు భూలేఖ్ వెబ్‌సైటులోను చూడవచ్చును. అందులో రైతు పేరు, తండ్రి పేరు, జాతి వ్రాయబడియుండును. జాతి అని వ్రాసిన చోటనే మొదట వ్రేలు పెట్టి చదివించండి.

(ఆ) ఖాతా ఏ రకము? ప్రైవేటు రైతు ఖాతా స్థితిబాన్ అని ఉండును. రఖిత్, సర్బసాధారణ, అబాద్ జోగ్య అనాబాది అని ఉన్నవి ప్రభుత్వ ఖాతాలు. వాటిని అమ్ముటకు ఏ వ్యక్తికిని హక్కు లేదు.

(ఇ) కిసం. అనగా భూమి తరగతి. గ్రామ్య జంగల్ వంటి మాట కనబడిన యెడల అక్కడనే ఆగిపోండి.

(ఈ) సాబిక్, హాల్. పాత సర్వే నంబరును సాబిక్ అని, ఇప్పటి నంబరును హాల్ అని అందురు. ఇప్పటి యజమాని ఆదివాసేతరుడైనంత మాత్రమున చాలదు. పాత రికార్డులో ఆదివాసి పేరున్నదా? ఉంటే ఎప్పుడు మారినది? 1956 తరువాత మారియుంటే అనుమతి పత్రము ఎక్కడ? అట్టి నేలను పట్టుకొనియున్నవాడే తన హక్కును రుజువు చేసికొనవలెను. అతడు రుజువు చేయలేనిది, అతనియొద్ద కొన్న మీరు ఎట్లు చేయగలరు?

(ఉ) ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికేటు. సబ్-రిజిస్ట్రారు కార్యాలయములో తీసికొని, బ్యాంకు అప్పు గాని పాత అమ్మకము గాని ఉన్నదేమో చూడండి.

(ఊ) కొలత. ఇక్కడ ఎకరమునకు నూరు డిసిమిళ్ళు. డిసిమిలు అనగా మన సెంటే. కాని గుంఠ అను మాట విన్నప్పుడు జాగ్రత్త. తెలంగాణలో 40 గుంఠలు ఒక ఎకరము. ఒడిశా లెక్కలో 25 గుంఠలే ఒక ఎకరము. అమీనును పిలిపించి, ఇరుగుపొరుగు రైతుల యెదుట హద్దులు కొలిపించండి. ఆర్.ఐ. యొద్ద పన్ను రసీదులు సరిచూడండి.

(ఋ) రిజిస్ట్రీ అయిన తరువాత తహశీలులో మ్యుటేషను చేయించి, మీ పేరున క్రొత్త ఖతియాన్ వచ్చువరకు పని ముగియలేదని ఎంచండి.

కొండవాలు భూములను గూర్చి ఒక హెచ్చరిక. అవిభక్త కోరాపుట్‌లో సర్వే జరిగినప్పుడు ఎక్కువ వాలు గల భూములు సాగుచేయువారి పేరున గాక ప్రభుత్వము పేరున వ్రాయబడినవి. పోడు చేసికొను కుటుంబము తరతరములుగా అక్కడ ఉన్నను వారికి పట్టా లేదు. 2006 అటవీ హక్కుల చట్టము క్రింద కొందరికి పత్రములు వచ్చినవి. ఆ హక్కు వారసులకు పోవును గాని, అమ్ముటకు, బదిలీ చేయుటకు వీలులేదు. ఆ పత్రము చూపించి అమ్మజూపినవాని యొద్ద కొనుట అతనిని దిక్కులేనివానిగా చేయుటయే.

8. ఆంధ్ర వైపు పోయి కొందామా?

ఇది విని కొందరు, "అయితే పార్వతీపురము వైపు పోయి కొందాము" అందురు. ఆ వైపు ఏజెన్సీ గ్రామములలో కట్టడ ఇంకను గట్టిది. 1959వ సంవత్సరపు 1వ రెగ్యులేషనును 1970లో సవరించిరి. దానినే మనవారు వన్ ఆఫ్ సెవెంటీ అందురు. దాని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములో భూమి ఆదివాసికి మాత్రమే పోవలెను. ఆదివాసేతరుడు మరొక ఆదివాసేతరునికి కూడ అమ్మకూడదు.

పార్వతీపురము మన్యము జిల్లా 2022లో ఏర్పడినది. అందులో ఏజెన్సీ గ్రామములును మైదాన గ్రామములును కలిసియున్నవి. గనుక మండలము పేరు కాదు, గ్రామము పేరు పట్టుకొని విచారించండి. బొబ్బిలి, చీపురుపల్లి వంటి మైదాన ప్రాంతములలో మన పితరుల ఊళ్ళకు దగ్గరలో కొనువారికి ఈ రెగ్యులేషను అడ్డు లేదు. అక్కడ సాధారణ జాగ్రత్తలు చాలును.

9. మరి ఏమి చేయగలము?

మార్గములు లేకపోలేదు.

ఆదివాసి చేతినుండి ఎన్నడును మారని, పాత రికార్డులలోను ఆదివాసేతరుల పేరుననే ఉన్న స్థితిబాన్ భూమి పట్టణముల పక్కన అక్కడక్కడ దొరకును. ధర ఎక్కువ. అయినను రాత్రి నిద్రపట్టు ధర అది.

అట్టి నేల చెట్లు లేని మెట్టయైనను నిరుత్సాహపడకండి. తోపును కొననక్కరలేదు, నాటవచ్చును. మన మిల్లు గేటు ముందు నీలగిరి, సరుగుడు, సుబాబుల్ లారీలు వరుసగా నిలుచుట చూచి, అవియే నాటుదుమని మనకు తోచును. అవి కొద్ది సంవత్సరములలో కోతకు వచ్చి డబ్బు ఇచ్చును. కాని ఒకే జాతి చెట్లు వరుసలుగా నిలిచినది తోపు కాదు, పంట. దాని క్రింద నీడలో కూర్చుండలేము, పండు తినలేము. గట్ల మీద కొంత సరుగుడు వేసి, లోపల మామిడి, పనస, చింత, నేరేడు, ఉసిరి, కుంకుడు కలిపి నాటండి. ఒక మూల వెదురు వేయండి. ఒక చెట్టుకు తెగులు వచ్చిన సంవత్సరము మరొకటి కాచును. ముందు నాటిన కరివేపాకు, మునగ, అరటి మొదటి సంవత్సరములలోనే ఇంటికి ఉపయోగపడును.

వేసవికి ముందే, ఫిబ్రవరిలో, తోపు చుట్టు ఆకులు ఊడ్చి నాలుగైదు అడుగుల బాట వదలండి. ఇప్పపూవు ఏరుకొనుటకు చెట్ల క్రింద ఆకులు కాల్చుట ఇక్కడ అలవాటు. ఆ నిప్పు మీ మొక్కలను చేరకుండ ఆ బాటయే ఆపును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రాయగడ వరకు వచ్చుట మనకు జ్ఞాపకమే. ఇంటిమీద పడునంత దగ్గరలో పెద్ద చెట్లు నాటకండి.

ఇక భూమి కొనుటకు శక్తి లేనివారు ఇంటి పెరటిలో ఒక పనస, గుడి ఆవరణములో ఒక వేప, ఒక నేరేడు నాటవచ్చును. మనము ఉండకపోయినను నీడ ఉండును.

10. ఇప్పటికే కొన్నవారు

ఈ పాఠము చదువుచు మనస్సులో బరువు కలిగినవారు ఉండవచ్చును. 2002 సవరణ వచ్చినప్పుడు, 1956 నుండి ఆదివాసి భూమిని పొందినవారు తమకు అది ఎట్లు వచ్చినదో సబ్-కలెక్టరుకు తెలియజేయవలెనని నిర్ణయించబడినది. అప్పుడు ఊరకున్నవారు, తరువాత తెల్లకాగితము మీద కొన్నవారు ఇంకను కొందరు ఉన్నారు. అట్టివారు దాచిపెట్టి పిల్లల నెత్తిన వేయుట మంచిది కాదు. నమ్మకమైన వకీలును కలిసికొని, అమ్మిన కుటుంబముతో కూర్చుండి మాటలాడండి. నేలను మర్యాదగా తిరిగి అప్పగించి, ఇచ్చిన సొమ్ములో ఎంత తిరిగి రాగలదో, ఎంత వదలుకొనవలెనో సమాధానముగా తేల్చుకొనుట, కోర్టు బంట్రోతు వచ్చి గేటు తట్టుటకంటె మేలు. జక్కయ్య సమకూర్చుకొన్నది తిరిగి ఇచ్చిన దినముననే అతని ఇంట సంతోషము కలిగెను.

2013లో నియమగిరి కొండలమీద మన జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తము 12 గ్రామసభలు సుప్రీం కోర్టు తీర్పు ననుసరించి కూడినవి. బాక్సైటు గని కొరకు తమ కొండను ఇచ్చుటకు పండ్రెండును ఒప్పుకొనలేదు. నాబోతు ఒంటరిగా నిలువబడి చంపబడెను. ఈ జనులు కూడి నిలువబడిరి, వారి మాట చెల్లెను. ఈ నేలను ప్రేమించువారు ఎట్లు ప్రేమించుదురో మనము పక్కనుండి చూచినవారము. వారి మధ్య మనము పరవాసులము. అబ్రాహామువలె నిలువబడి అడుగుదము. అహాబువలె ముఖము త్రిప్పుకొని పండుకొనకుందుము.

చర్చకు ప్రశ్నలు

1. ఎఫ్రోను ఊరకే ఇచ్చెదనన్నప్పుడు అబ్రాహాము ఎందుకు తీసికొనలేదు? నేడు "కాగితము తరువాత చూచుకొందాము" అనువానికి మనమేమి చెప్పవలెను?

2. పెండ్లికో వైద్యమునకో నేల అమ్మజూపిన ఆదివాసి సహోదరునికి, నేల ముట్టకుండ మన సంఘము ఏ విధముగా సహాయము చేయగలదు?

3. మన సమాధుల తోట ఏ ఖాతాలో, ఏ కిసంలో ఉన్నది? దాని పాత రికార్డు మన సంఘ పెద్దలలో ఎవరైనను చూచిరా?

4. మన సంఘములో ఒడియా రికార్డులు చదవగల యౌవనులెవరు? పెద్దలకు సహాయము చేయుటకు వారిలో ఇద్దరిని ఏర్పరచుకొనగలమా?

మూడవ ప్రశ్నకు జవాబు వచ్చే కూడికకు ముందే తహశీలులో చూచి తెలిసికొనుడని సంఘ కార్యదర్శులకు మనవి.